బొమ్మగా ఉన్న పేజీని బ్రెయిలీ కాయితం దాకా తీసుకెళ్లడం ఎలా

పాఠ్యపుస్తకంలో పేజీని ఫోన్‌తో ఫొటో తీసి, "దీన్ని బ్రెయిలీలోకి మార్చి ఇయ్యండి" అని పంపేవాళ్లు చాలామంది ఉంటారు. చూసే కంటికి అది పేజీయే. కంప్యూటర్‌కు మాత్రం నలుపు తెలుపు చుక్కల కుప్ప. అందులో 'క' ఎక్కడుందో, దాని కింద ఒత్తు ఉందో లేదో దానికి తెలియదు. ముందు ఆ కుప్పలోంచి అక్షరాలను బయటికి తీయాలి. వాటిని మనిషి కూర్చుని దిద్దాలి. ఆ తర్వాతే బ్రెయిలీ. బ్రెయిలీలోకి మార్చే బటన్ నొక్కడానికి అర నిమిషం చాలు. శ్రమంతా అంతకు ముందే పడాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, 'వరంగల్' అని ఉండాల్సిన చోట 'పరంగల్' అని పడితే కంటితో చదివేవాళ్లు మాట మొత్తాన్ని ఒక్కసారే చూస్తారు కాబట్టి సర్దుకుని ముందుకు పోతారు. వేలు గడి తర్వాత గడిని తడుముతుంది. బ్రెయిలీ గడిలో ఎడమ వైపు పైనుంచి కిందికి 1, 2, 3 చుక్కలు, కుడి వైపు 4, 5, 6. 'వ'కు 1-2-3-6, 'ప'కు 1-2-3-4. మారింది ఒక్క చుక్క. తెలియని ఊరి పేరో, సైన్సు పదమో అయితే అది తప్పని చదివే పిల్లకు చెప్పే ఆధారం ఆ కాయితం మీద ఇంకేదీ ఉండదు. పదో తరగతి పరీక్షకు ఆ కాయితాన్నే నమ్ముకుని కూర్చుంటుంది.

మొదలుపెట్టే ముందు

ఆ పుస్తకం బ్రెయిలీలోనో, కనీసం దిద్దిన యూనికోడ్ పాఠంగానో (ఏ కంప్యూటర్‌కైనా అక్షరాలుగా తెలిసే పాఠం) ఇప్పటికే ఉందేమో చూడండి. అచ్చు చదవలేనివాళ్ల కోసం 2016లో మొదలైన ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయలో వెతకండి. సికింద్రాబాద్‌లో ఉన్న జాతీయ దృష్టి వికలాంగుల సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని కూడా అడగండి. అక్కడ దొరికితే వారం రోజుల పని మిగులుతుంది. ఇక హక్కుల సంగతి: కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ సెక్షన్ 52లో చేర్చిన వెసులుబాటు ప్రకారం, అచ్చు చదవలేనివాళ్లకు అందే రూపంలోకి లాభం చూసుకోకుండా మార్చి ఇవ్వడం ఉల్లంఘన కాదు. భయపడాల్సిన పని లేదు.

తర్వాత చేతికొచ్చిన బొమ్మలను మూడు కుప్పలు చేయండి. ఉత్త పాఠం ఉన్న పేజీలు ఒక కుప్ప. పటాలు, గ్రాఫులు, సైన్సు బొమ్మలు రెండోది. అలంకారం కోసం వేసిన ఫొటోలు మూడోది. మొదటి కుప్ప అక్షరాలుగా మారుతుంది. రెండోదాన్ని చేత్తో మళ్లీ గీయాలి. మూడోదానికి రెండు మూడు వాక్యాల వర్ణన చాలు. రామప్ప గుడి ఫొటో ఉంటే దాన్ని చుక్కలుగా మార్చాలని చూడకండి. నక్షత్రం ఆకారంలో ఉన్న ఎత్తయిన అరుగు, దాని మీద గుడి, ఎర్రటి ఇసుకరాయి అని రాస్తే చదివేవాళ్లకు ఎక్కువ అందుతుంది.

పేజీని సరిగ్గా పట్టడం

స్కానర్ ఉంటే అంగుళానికి 300 చుక్కలు, గ్రే స్కేల్, టిఫ్ లేదా పీఎన్‌జీ. పాత పుస్తకాల్లో అక్షరం సన్నగా ఉంటే 400 పెట్టండి. అంతకు మించి పెంచితే ఫైలు బరువెక్కుతుందే తప్ప లాభం లేదు. జేపెగ్ వద్దంటాం. అది బొమ్మను కుదించేటప్పుడు అక్షరాల అంచుల చుట్టూ మసక వదులుతుంది. ఇంగ్లీషు అక్షరాలకు అది పెద్ద దెబ్బ కాదు. తెలుగులో గుడికీ గుడి దీర్ఘానికీ మధ్య తేడా చూపే చిన్న మెలిక ఆ మసకలోనే కలిసిపోతుంది.

పలుచని కాయితం మీద వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనబడుతుంటే, స్కాన్ చేసే పేజీ వెనక నల్ల చార్టు ముక్క పెట్టండి. తెల్లది పెడితే వెలుతురు వెనక్కి తిరిగి వచ్చి అవతలి అక్షరాలను చూపిస్తుంది.

ఫోనే దిక్కయితే కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఫ్లాష్ ఆపి, పుస్తకానికి నిట్టనిలువుగా పైనుంచి తీయండి. పేజీ ఫ్రేమంతా నిండాలి. 12 మెగాపిక్సెళ్ల ఫోను 4000 × 3000 బొమ్మ ఇస్తుంది. ఏ4 పేజీ పొడవు 11.7 అంగుళాలు కాబట్టి అంగుళానికి 340 చుక్కలు పడతాయి, సరిపోతుంది. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించేస్తుంది. పొడవాటి వైపు 1600 పిక్సెళ్లకు పడిపోయిందంటే అంగుళానికి 137 చుక్కలే మిగిలాయన్నమాట. డాక్యుమెంట్‌గా పంపమని ముందే చెప్పండి. ఈ ఒక్క మాట మరిచిపోయి పుస్తకమంతా రెండోసారి ఫొటోలు తీయించాల్సి వస్తుంది.

వంకరగా వచ్చిన పేజీని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక్క డిగ్రీ వంగితే ఆరంగుళాల వరుసలో ఒక చివరకూ ఇంకో చివరకూ రెండున్నర మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. తెలుగులో పై వరుస ఒత్తులు కిందికి వేలాడతాయి, కింది వరుస తలకట్లు, గుడులు పైకి లేస్తాయి. వంకర పేజీలో ఈ రెండూ ఒకే ఎత్తులోకి వచ్చి, ఒత్తు కింది వరుసలోకి దూరుతుంది. స్కాన్ టైలర్ అనే ఉచిత ప్రోగ్రాం వంకర సరిచేస్తుంది, రెండు పేజీల స్కాన్‌ను విడదీస్తుంది, అంచుల్లో నల్ల నీడలను కోసేస్తుంది. ఏది నలుపో ఏది తెలుపో తేల్చే హద్దును మాత్రం అది ఇచ్చినంత అలాగే వదిలేయకండి. అక్షరాలు బొద్దుగా వస్తే సున్నలు పూడిపోతాయి, పలచబడితే తలకట్టు తెగిపోతుంది. తెరను రెండింతలు పెద్దది చేసి 'క్ష', 'స్త్ర', 'ష్ట్ర' లాంటి అక్షరాలు ఉన్న ఒక వరుస చూడండి. అవి విడివిడిగా కనబడితే పేజీ అంతా బాగున్నట్టే.

అక్షరాలను బయటికి తీయడం

ఉచితంగా దొరికేవాటిలో రెండు దారులు. పది పేజీల లోపు పనికి గూగుల్ డ్రైవ్ హాయి: బొమ్మను ఎక్కించి, దాని మీద కుడి క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే కింద పాఠం వస్తుంది. ఫైలు 2 ఎంబీ దాటకుండా చూసుకోండి. పుస్తకం మొత్తానికి టెసరాక్ట్ అనే ప్రోగ్రాం మేలు. ఇంటర్నెట్ అక్కర్లేదు, వంద పేజీలను ఒకే ఆజ్ఞతో నడపొచ్చు. తెలుగు భాషా ఫైలును విడిగా దింపుకోవాలి. అందులో 'ఫాస్ట్', 'బెస్ట్' అనే రకాలున్నాయి. బెస్ట్ నిదానమే కానీ ఒత్తుల దగ్గర తేడా తెలుస్తుంది. పేజీ అమరిక సంఖ్య కూడా చెప్పాలి: ఒకే పేరాల దిమ్మగా ఉంటే 6, శీర్షికలు పెద్దవీ చిన్నవీ ఉన్న ఒకే నిలువు వరుస అయితే 4. రెండు నిలువు వరుసల పేజీని ముందే నిలువునా రెండు బొమ్మలుగా కోయండి. లేకపోతే ఎడమ వరుస మొదటి పంక్తి పక్కన కుడి వరుస మొదటి పంక్తి అతుక్కుని వస్తుంది.

తెలుగుతో పాటు ఇంగ్లీషును కూడా గుర్తించమని చెప్పాలా? పేజీలో నిజంగా ఇంగ్లీషు వాక్యాలు ఉంటేనే. లేకుండా ఇంగ్లీషు తగిలిస్తే తెలుగు సున్న కాస్తా ఇంగ్లీషు 'ఓ' అవుతుంది.

డీటీపీ సెంటర్ నుంచి పీడీఎఫ్ వచ్చిందంటే ముందు ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడండి. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తున్నాయి. ఆ పాఠం తెర మీద తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు గుర్తుల గజిబిజి. దాన్ని అలాగే బ్రెయిలీలోకి పంపితే గజిబిజే కాయితం మీద చుక్కలై లేస్తుంది. అసలు పేజ్‌మేకర్ ఫైలు దొరికితే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ వాడండి. దొరకకపోతే పీడీఎఫ్ పేజీలను 300 చుక్కల బొమ్మలుగా మార్చి టెసరాక్ట్‌కు ఇవ్వండి. మరకలు, వంకర లేని బొమ్మ కాబట్టి ఫలితం స్కాన్ కన్నా శుభ్రంగా ఉంటుంది.

ఇప్పుడు చాలామంది బొమ్మను ఏఐ చాట్‌లో పెట్టి చదివిస్తున్నారు. పాఠం నున్నగా వస్తుంది, అదే దాని ప్రమాదం. టెసరాక్ట్ తప్పు చేస్తే మాట విరిగి కనబడుతుంది, పట్టుకోవచ్చు. ఏఐ మసక వరుసను ఊహించి, పుస్తకంలో లేని వాక్యాన్ని తప్పులు లేని తెలుగులో రాసి పెట్టొచ్చు. అది వాడితే అచ్చు పేజీతో పంక్తి పంక్తీ పోల్చకుండా ముందుకు వెళ్లొద్దు.

దిద్దుబాటు

ఎక్కువ సమయం ఇక్కడే ఖర్చు పెట్టాలి. తెలుగులో వచ్చే తప్పులకు ఒక తీరు ఉంది, తెలిస్తే కన్ను వాటి మీదికే పోతుంది. 'మ'కూ 'వు'కూ, 'ప'కూ 'వ'కూ, 'ద, ధ, థ'లకూ, 'బ, భ'లకూ, 'డ, ఢ'లకూ మధ్య మార్పిడి. గుడి, గుడి దీర్ఘం. ఎత్వం, ఏత్వం. ఒత్తు మొత్తంగా రాలిపోవడం: 'అమ్మ' కాస్తా 'అమ' అవుతుంది.

అన్నిటికన్నా చెడ్డది పూర్ణానుస్వారం అంకె సున్నగా మారడం. తెర మీద 'వర0గల్' దాదాపు సరిగ్గానే కనబడుతుంది. బ్రెయిలీలో అంకె ముందు సంఖ్యా గుర్తు, 3-4-5-6 పడుతుంది. భారతీ బ్రెయిలీలో 'ణ' కూడా సరిగ్గా అదే గడి. ఆ తర్వాత వచ్చే 0 గడి, 2-4-5, 'జ' గడి ఒకటే. అంటే 'వర0గల్' వేలికి 'వరణజగల్'. అందుకే దిద్దడం మొదలుపెట్టగానే, తెలుగు అక్షరానికి ఆనుకుని ఉన్న ప్రతి అంకెనూ వెతికి చూడండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (ఒక నమూనాకు సరిపోయేవన్నీ వెతికే పద్ధతి) ఇది ఒక్క నిమిషం పని.

రెండో వెతుకులాట కనబడని గుర్తుల కోసం. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ఒత్తు కలవకుండా ఆపడానికి వాడే వెడల్పు లేని గుర్తు ఒకటి ఉంటుంది. కొన్ని బ్రెయిలీ టేబుళ్లకు, అంటే ఏ అక్షరానికి ఏ గడో చెప్పే పట్టికలకు, అది తెలియక, దాని కోడ్ సంఖ్యను మాట మధ్యలో గడులుగా రాసేస్తాయి. మార్చే ముందు దాన్ని తీసేయండి. ఐత్వం కూడా ఒకే గుర్తుగానూ ఉండొచ్చు, ఎత్వం కింద విడి గుర్తుగానూ ఉండొచ్చు. కంటికి తేడా తెలియదు. పాఠమంతటినీ ఒకసారి యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మారిస్తే రెండూ ఒకటవుతాయి.

పంక్తులను పేరాలుగా కలపడం మరో పని. అచ్చులో పంక్తి ముగిసిన చోటల్లా ఎంటర్ పడి ఉంటుంది, వదిలేస్తే బ్రెయిలీ వరుసలు మధ్యలో తెగుతాయి. పత్రికల సన్నటి కాలమ్‌లలో మాటను గీత కూడా పెట్టకుండా విరుస్తారు కాబట్టి, కలిపేటప్పుడు మధ్యలో ఖాళీ వస్తుందో రాదో మాట మాటకూ చూడాలి. పేజీ పైన తిరిగి తిరిగి వచ్చే పాఠం పేరు తీసేయండి. అచ్చు పేజీ సంఖ్యను మాత్రం ఉంచండి. సారు క్లాసులో "47వ పేజీ తీయండి" అన్నప్పుడు బ్రెయిలీ చదివే పిల్లాడు కూడా అక్కడికి చేరాలి.

మన తెలంగాణ పుస్తకాలకు ఇంకో జాగ్రత్త కావాలి. కథల్లో 'పోయిండు', 'చేసిన్రు', 'గట్ల', 'ఏంది' అని ఉంటే స్పెల్‌చెక్ వాటి కింద ఎర్ర గీత గీస్తుంది, ఏఐ అయితే అడగకుండానే 'వెళ్లాడు', 'చేశారు' అని మార్చేస్తుంది. రచయిత రాసింది రాసినట్టే ఉండాలి. పక్క బెంచీ పిల్లలు తమ ఇంటి మాటలను పుస్తకంలో చదువుకుంటుంటే, చూపు లేని పిల్లకు మాత్రం వేరే తెలుగు ఎందుకివ్వాలి?

కళ్లతో ఒకసారి పోల్చాక, ఎన్‌వీడీఏ తెర పాఠకంతో తెలుగులో చదివించుకుని అచ్చు పేజీ మీద వేలు పెట్టుకుంటూ వినండి. కన్ను క్షమించేసిన తప్పు చెవికి దొరుకుతుంది. ముఖ్యంగా హ్రస్వ దీర్ఘాలు.

బ్రెయిలీలోకి

తెలుగు కూడా భారతీ బ్రెయిలీలోనే రాస్తాం, 1951 నుంచి దేశ భాషలన్నిటికీ ఉన్న ఉమ్మడి పద్ధతి అది. మార్చే పనిని లోపల చేసేది చాలాచోట్ల లిబ్‌లూయీ అనే ఉచిత లైబ్రరీ. దాంట్లో తెలుగు టేబుల్ ఉంది. దాన్ని వాడే ఉచిత ప్రోగ్రాముల్లో సావో మాయ్ బ్రెయిల్ ఒకటి. డబ్బు పెట్టి కొనేదాంట్లో డక్స్‌బరీ తెలుగును మారుస్తుంది. ఏది వాడినా భాష తెలుగు అనీ, బయటికి వచ్చే ఫైలు బీఆర్‌ఎఫ్ అనీ ఎంచుకోవాలి.

వచ్చింది సరైందో కాదో చూసుకోవడానికి పది మాటలైనా చేత్తో మార్చడం నేర్చుకోండి. సూత్రం చిన్నదే. హల్లులో 'అ' కలిసే ఉంటుంది, దానికి విడి గడి లేదు. మిగతా అచ్చులు హల్లు తర్వాత తమ గడితో వస్తాయి. ఒత్తు ఉంటే, లేదా పొల్లు హల్లు ఉంటే, ఆ హల్లుకు ముందు 4వ చుక్క వస్తుంది. అచ్చు పుస్తకంలో పొల్లు అక్షరం తర్వాత ఉంటుంది, బ్రెయిలీలో ముందు. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

'వరంగల్'నే తీసుకోండి. వ: 1-2-3-6. ర: 1-2-3-5. సున్న: 5-6. గ: 1-2-4-5. పొల్లు గుర్తు: 4. ల: 1-2-3. మొత్తం ఆరు గడులు. ఇదే మాటను బీఆర్‌ఎఫ్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే ఇంగ్లీషు వీ, ఆర్, సెమీకోలన్, జీ, ఎట్ గుర్తు, ఎల్ అని కనబడుతుంది. ఫైలు పాడైందని కంగారు పడి పారేసేవాళ్లున్నారు. అది అలాగే ఉండాలి. ఒక్కో గడికి ఒక ఇంగ్లీషు కీబోర్డు గుర్తు కేటాయించి, 64 గుర్తులతో మొత్తం బ్రెయిలీని రాసే పద్ధతి బీఆర్‌ఎఫ్. 'కాకతీయ' అయితే కే, 'కన్నా పెద్దది' గుర్తు, కే, టీ, అంకె 9, వై.

ఆ ఫైలును వర్డ్‌లో తెరిచి సేవ్ చేయొద్దు. కొటేషన్ గుర్తులను అది వంపు గుర్తులుగా మారుస్తుంది, వాక్యం మొదటి అక్షరాన్ని తన ఇష్టం వచ్చినట్టు సర్దుతుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు కూడా ఎన్‌కోడింగ్‌లో బామ్ (ఫైలు మొదట్లో పడే కనబడని గుర్తు) లేకుండా చూడండి, ఉంటే మొదటి పేజీ మొదట్లో అర్థం లేని గడులు పడతాయి. బ్రెయిలీ చుక్కలే కనబడే యూనికోడ్ బ్రెయిలీ ఫైలు తెర మీద చూసుకోవడానికి బాగుంటుంది గానీ ఎంబాసర్‌కు, అంటే కాయితం మీద చుక్కలు లేపే ప్రింటర్‌కు, బీఆర్‌ఎఫే పంపండి.

పాఠం మధ్యలో ఇంగ్లీషు వస్తే దాన్ని ఇంగ్లీషు టేబుల్‌తో విడిగా మార్చి అతికించండి. రెండు భాషలకూ గడులు అవే కాబట్టి ఇంగ్లీషు 'సీ' తెలుగులో 'చ', 'డబ్ల్యూ' తెలుగులో 'ఠ'. భాష మారిందని చెప్పే గుర్తు ఏది వాడుతున్నారో పుస్తకం మొదటి పేజీలో ఒక వాక్యం రాయండి, చివరి దాకా అదే వాడండి. లెక్కల సూత్రాలకు వేరే బ్రెయిలీ పద్ధతి ఉంది. ఈ దారిలో వాటిని మార్చొద్దు.

పేజీ కొలతలు, ఎంబాసర్ తప్పులు

ఒక గడి నుంచి పక్క గడికి 6 మిల్లీమీటర్లు, వరుస నుంచి వరుసకు 10. ఏ4 వెడల్పు 210, కుట్టడానికీ అంచులకూ 30 తీసేస్తే 30 గడులు. పొడవు 297, అంచులు పోగా 27 వరుసలు. పెద్ద బ్రెయిలీ కాయితం, 11 × 11.5 అంగుళాలది అయితే 40 గడులు, 25 వరుసలు. ఏ4లో పేజీకి 810 గడులే పడతాయి కాబట్టి 250 మాటల అచ్చు పేజీ సుమారు మూడు బ్రెయిలీ పేజీలవుతుంది. కాయితం ఆ లెక్కన తెచ్చుకోండి.

ప్రోగ్రాంలో పెట్టిన కొలతలు, ఎంబాసర్‌లో పెట్టినవి ఒకటే కావాలి. తేడా వస్తే కాయితమే చెబుతుంది. ఒక నిండు వరుస, దాని కింద ఏడెనిమిది గడుల ముక్క, మళ్లీ నిండు వరుస... ఇలా వస్తుంటే ఫైలు 40 గడులకు ఉంది, ఎంబాసర్ 32కు ఉంది. ప్రతి పేజీ తర్వాతా రెండు వరుసలే ఉన్న దాదాపు ఖాళీ పేజీ వస్తుంటే ఫైలు 27 వరుసలది, ఎంబాసర్ 25కు ఉంది.

ఇంకో తప్పు తెలుగువాళ్లనే ఎక్కువ తిప్పలు పెడుతుంది. హల్లులన్నీ సరిగ్గా పడి, పొల్లులు, సున్నలు, దీర్ఘాలు మాత్రం పిచ్చిగా వస్తాయి. అనువాదం తప్పని టేబుళ్లు మార్చి మార్చి చూస్తారు. కారణం ఎంబాసర్‌లో వేరే దేశపు అక్షర పట్టిక ఎంచుకుని ఉండటం. అక్షరాలకు పట్టికలన్నీ చాలావరకు ఒకటే, కీబోర్డు గుర్తుల దగ్గరే తేడా. మన పొల్లు ఎట్ గుర్తు మీద, సున్న సెమీకోలన్ మీద ఆధారపడి ఉన్నాయి కదా. అమెరికా పట్టికకు మార్చండి, సరిపోతుంది.

మొత్తం పుస్తకం ఒకే ఫైలుగా పంపొద్దు. పాఠానికి ఒక ఫైలు చేయండి. మధ్యలో కరెంటు పోతే ఆ పాఠం నుంచే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ముందు రెండు పేజీలే తీసి, బ్రెయిలీ చదివేవాళ్ల చేతికిచ్చి, సరే అన్నాకే మిగతావి.

పటాలు: మార్చడం కాదు, మళ్లీ గీయడం

పటాన్ని ప్రోగ్రాంలో పడేసి చుక్కలుగా మార్చమంటే రంగులు, రోడ్లు, అక్షరాలు, సరిహద్దులు అన్నీ చుక్కలై చాప పరిచినట్టు వస్తుంది. వేలికి ఏమీ తెలియదు. గోదావరి పటం ఉదాహరణగా చూద్దాం.

ముందు ఒక ప్రశ్న తేల్చుకోండి: ఈ పటంతో పిల్లలు తెలుసుకోవాల్సింది ఏమిటి? 'గోదావరిలో ఏ నది ఎక్కడ కలుస్తుంది' అనుకుంటే, కందకుర్తి దగ్గర మంజీర, తర్వాత శ్రీరాంసాగర్, ఉత్తరం నుంచి కడెం, దక్షిణం నుంచి మంథని ప్రాంతంలో మానేరు, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత. ఇవి చాలు. జిల్లాల రంగులు, రైలు మార్గాలు, అక్షాంశాలు తీసేయండి. అవి కావాలంటే రెండో పటం గీయాలి.

ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో అచ్చు పటాన్ని కింది పొరలో పెట్టి తాళం వేసి, పై పొరలో పెన్ పరికరంతో చేత్తో గీయండి. దానంతటదే గీతలు లాగే సౌకర్యం ఉంది గానీ వాడొద్దు, అది కాయితం మీది మరకను కూడా నదిలాగే గీస్తుంది. గోదావరి గీత 2 మిల్లీమీటర్ల మందం, ఉపనదులు 1, రాష్ట్ర సరిహద్దు తెగిన గీత. 5 మిల్లీమీటర్ల కన్నా చిన్న వంపులను సాపు చేయండి. ఏ రెండు గుర్తుల మధ్యనైనా కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, లేకపోతే వేలికి రెండూ ఒకటే గీత. చెరువును, జలాశయాన్ని నల్లగా నింపొద్దు, విడివిడి చుక్కలతో నింపండి.

పేర్ల దగ్గర చోటు చాలదు. 'కాళేశ్వరం' బ్రెయిలీలో తొమ్మిది గడులు, 54 మిల్లీమీటర్లు, ఏ4 వెడల్పులో నాలుగో వంతు. బ్రెయిలీని అచ్చు అక్షరంలా చిన్నది చేయడం కుదరదు. కాబట్టి రెండు గడుల సంకేతాలు పెట్టుకుని, వాటి వివరాన్ని పటానికి ముందు పేజీలో ఇవ్వండి. మంజీరకు 'మం', మానేరుకు 'మా', కడెంకు 'కడ'. ప్రాణహితకు 'ప్రా' పెడితే పొల్లు, ప, ర, ఆ కలిసి నాలుగు గడులవుతుంది. 'పహ' అని పెట్టండి. సంకేతం గీతకు తగలకుండా 3 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి.

ఇక కాయితం మీదికి. ఉబ్బే కాయితం, అంటే వేడి తగిలితే నల్ల గీతలు పైకి లేచేది, దొరికితే దాని మీద లేజర్ ప్రింటర్‌తోనో జిరాక్స్ మిషన్‌తోనో ముద్రించి, వేడిచేసే యంత్రంలోంచి పంపాలి. కార్బన్ నలుపే వేడిని పట్టుకుంటుంది, రంగు గీతలు లేవవు. జిరాక్స్ సెంటర్లో 'పేజీకి సరిపెట్టు' అనే ఎంపిక తీసేసి 100 శాతానికే ముద్రించమనండి. అది ఉంటే బ్రెయిలీ కుంచించుకుపోతుంది. స్కేలుతో కొలవండి: మొదటి గడి నుంచి ఆరో గడికి 30 మిల్లీమీటర్లు రావాలి. కొన్ని ప్రింటర్ల లోపలి వేడికే ఈ కాయితం ఉబ్బుతుంది కాబట్టి ఒక్క షీటుతో పరీక్షించండి. యంత్రంలో వేడి ఎక్కువైతే తెల్లటి భాగం కూడా పొంగుతుంది, తక్కువైతే గీత వేలికి అందదు.

చుక్కలతో బొమ్మలు గీసే టైగర్ రకం ఎంబాసర్ అంగుళానికి 20 చుక్కలు వేస్తుంది. అంటే చుక్కకూ చుక్కకూ 1.27 మిల్లీమీటర్లు. సన్నటి వంపులు అందులో మెట్లుమెట్లుగా వస్తాయి.

యంత్రాలేవీ లేవా? గట్టి కాయితం మీద ఫెవికాల్‌తో దారం అతికించండి. గోదావరికి లావు ట్వైన్, ఉపనదులకు కుట్టు దారం మూడు పోగులు, జలాశయానికి ఎమరీ కాయితం ముక్క. ఒక రాత్రి ఆరనివ్వండి. లేదా దర్జీలు కొలత గుర్తులు పెట్టే పళ్ల చక్రంతో, కింద రబ్బరు షీటు వేసి, కాయితం వెనక నుంచి నొక్కండి. వెనక నుంచి గీస్తున్నారు కాబట్టి పటాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి గీయాలి. మరిచిపోతే బాసర తూర్పున తేలుతుంది. ఏ పద్ధతిలోనైనా పైన కుడి మూలను కొద్దిగా కత్తిరించండి, పటం ఎటు పట్టుకోవాలో వేలికి వెంటనే తెలుస్తుంది.

పని పూర్తయ్యాక బ్రెయిలీ చదివేవాళ్లకు ఇచ్చి ఒక్కటే అడగండి: ప్రాణహిత ఎక్కడ కలుస్తోంది? వేలు తడబడిన చోట గీతలు ఎక్కువున్నట్టు లెక్క. చెరిపేసి మళ్లీ గీయండి.

కాయితం, నిల్వ

120 నుంచి 160 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాయితం తీసుకోండి. మామూలు జిరాక్స్ కాయితానికి చుక్క చిల్లు పడుతుంది, చిల్లు పడకపోయినా పది సార్లు చదివేసరికి అణిగిపోతుంది. వానాకాలం కాయితం తేమ పీల్చి మెత్తబడుతుంది, చుక్కలు పొట్టిగా వస్తాయి. రీమును పాలిథిన్ కవర్‌లో చుట్టి బీరువాలో పెట్టి, ఆ రోజుకు కావలసినంతే బయటికి తీయండి. తయారైన సంపుటాలను ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. కింది పుస్తకం చుక్కలు బరువుకు చదునవుతాయి. అలమరలో నిలబెట్టి, మరీ బిగించకుండా పెట్టండి.

స్కాన్ బొమ్మలు, దిద్దిన యూనికోడ్ పాఠం, బీఆర్‌ఎఫ్, పటాల ఇంక్‌స్కేప్ ఫైళ్లు, నాలుగూ దాచండి. వచ్చే ఏడు పాఠంలో రెండు వాక్యాలు మారితే దిద్దాల్సింది యూనికోడ్ పాఠంలో. బీఆర్‌ఎఫ్‌లో చేయి పెడితే ఆ పేరా నుంచి వరుసలన్నీ జరుగుతాయి.